చూపించని సగం తోట

ఉద్యాన శాఖలో పనిచేసినన్నాళ్ళూ జనం నాకు తోటలు చూపించారు. ఎండిన తోట, పూత రాలిన తోట, పురుగు తిన్న తోట. ప్రతి తోట గట్టు మీదా ఇద్దరు నిలబడి ఉండేవారు. విత్తనం చెడ్డదని ఒకరు, రైతుకు సాగు తెలియదని ఇంకొకరు. ఇద్దరి మాటా విని, ఎవరి మాటలో బలముందో తేల్చి రిపోర్టు రాయడం నా పని. చదువుకున్నది మొక్కల గురించే అయినా నేను ఎక్కువగా చూసింది మనుషుల నోళ్ళనే.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నరసరావుపేటలో మా ఇంటికి వస్తుంటారు. తెగుళ్ళ గురించి అడుగుతారు. తెగులు సంగతి ఫోన్లో ఫోటో పెడితే ఎవరో ఒకరు చెబుతారు. గట్టు మీద వాదన ఎలా వినాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నాను, నేను అనుమానం మనిషిని. మా వారు కూర బాగుందంటే కూడా ఎందుకన్నారా అని ఆలోచిస్తాను. ఈ గుణం ఉద్యోగం వల్ల వచ్చిందో, ఈ గుణం ఉండబట్టే ఉద్యోగం చేయగలిగానో తెలియదు.

ఇద్దరు పై అధికారులు

మాచర్లలో నా మొదటి పై అధికారి చాలా మర్యాదస్తుడు. ఎవరినీ నొప్పించేవాడు కాదు. ఒకసారి బత్తాయి మొక్కలు చచ్చిపోయాయని ఒక రైతు ఫిర్యాదు చేశాడు. కొన్న అంటు మొక్కలే చెడ్డవని అతని వాదన, నీళ్ళు నిలవ ఉంచాడని అమ్మినవాడి వాదన. మా సారు ఇద్దరికీ టీ తెప్పించి, తప్పు ఇద్దరిలోనూ సగం సగం ఉందని రాసేశాడు. ఇద్దరూ సంతోషంగా వెళ్ళిపోయారు. నేను తర్వాత మొక్కలు పీకి చూస్తే వేళ్ళన్నీ కుళ్ళి ఉన్నాయి, నేల చిత్తడిగా ఉంది. తప్పు సగం సగం కాదు, మొత్తం నీళ్ళదే. సారుకు చెబితే నవ్వి, "నిజం ఎప్పుడూ మధ్యలోనే ఉంటుందమ్మా" అన్నాడు. ఆయన మీద గౌరవం ఉంది గానీ ఆ మాట శుద్ధ తప్పు. ఒకడు నిజం చెప్పి ఇంకొకడు అబద్ధం చెబితే, మధ్యలో ఉండేది సగం అబద్ధమే. మధ్యలో నిలబడ్డవాళ్ళకు చెడ్డపేరు రాదు, అంతే.

గురజాలలో రెండో ఆయన దొరికాడు. నోరు తెరిస్తే బూతు, చేతిలో ఎప్పుడూ చుట్ట. ఫిర్యాదు మీద వెళ్తుంటే జీపులో నన్నడిగేవాడు: "ఎవురు చెప్పాడన్నది కాదు. ఆ మాట చెప్పినందుకు ఆడికి ఏం పోద్ది? ఏమీ పోకపోతే ఆ మాటకి విలువ లేదు." ఇంకో మాట కూడా అనేవాడు: "ఆళ్ళు చూపించే చోట చూస్తే ఆళ్ళు చెప్పిందే కనపడద్ది. దొడ్డిదారిన పో." నా ఉద్యోగమంతా ఈ రెండు మాటల మీదే నడిచింది. అవి కూడా ఎప్పుడూ చాలవని ఒక ఊరు నేర్పింది. మిగతాదంతా ఆ ఊరి సంగతే.

అందరిదీ ఒకటే మాట

ఊరు మాచవరం దాటాక వస్తుంది. పేరు చెప్పను, చెబితే రెండు పార్టీలూ మా గుమ్మంలో ఉంటాయి. పల్నాటివాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది, ఆ ఊళ్ళో రెండు పార్టీలు. మంచినీళ్ళ క్యాను తెచ్చే ఆటో దగ్గర్నించి పెళ్ళి భోజనాలు వండేవాళ్ళ దాకా ఎవరి పార్టీకి వాళ్ళు వేరు. ఒకరి టెంటు కుర్చీలో ఇంకొకరు కూర్చోరు.

ఒక పార్టీకి పెద్ద బ్రహ్మయ్య. రెండో పార్టీలో పార్వతమ్మ అనే ఆమె మిరప నారు పెంచే నర్సరీ నడిపేది. నారు కొనే దగ్గర మాత్రం ఊరు పార్టీలు చూడలేదు. చుట్టుపక్కల నర్సరీ అదొక్కటే కాబట్టి అందరూ ఆమె దగ్గరే కొన్నారు.

పూత మీద ఉండగా బ్రహ్మయ్య మనుషుల తోటలు ముడుచుకుపోయాయి. ఆకులు సన్నబడి మెలికలు తిరిగాయి, పూత రాలిపోయింది. నారులోనే బొబ్బర తెగులు ఉందని, నర్సరీ లైసెన్సు తీసేయించి పరిహారం ఇప్పించాలని ఫిర్యాదు పెట్టారు. నేను వెళ్ళేసరికి గట్టు మీద నలభై యాభై మంది ఉన్నారు.

"ఏపుగా పెరిగిందమ్మా, పూత మీదకొచ్చి మోసం చేసింది" అన్నాడు మొదటి రైతు.

"ఏపుగా పెరిగింది మేడమ్, పూత మీదకొచ్చి మోసం చేసింది" అన్నాడు రెండోవాడు. మూడోవాడూ అదే, నాలుగోవాడూ అదే. ఇంతమంది చెబుతుంటే కాదని ఎలా అంటారని బ్రహ్మయ్య నన్నడిగాడు. నాకు మాత్రం అది ఒక్క మనిషి మాటలాగే వినిపించింది. రైతులు ఒకే కష్టాన్ని ఒకే మాటలతో చెప్పరు. ఒకడు పెట్టుబడితో మొదలుపెడతాడు, ఒకడు దేవుడితో, ఒకడు పెళ్ళాం వద్దన్నా వేశానని మొదలుపెడతాడు. అందరూ ఒకే వాక్యం చెప్పారంటే పొద్దున ఒకరింట్లో కూర్చుని వచ్చారన్నమాట.

పార్వతమ్మ తన స్కూటీ మీద వచ్చింది. "నా నారే వేసిన ఇంకో పది తోటలు చూపిస్తా రండి మేడమ్. కాయల బరువు చెట్టుని కిందికి లాగేస్తంది. ఆళ్ళ తోటలే పోయి మా తోటలు బాగున్నాయంటే ఏందర్థం? నా మీద ఏడుపు తప్ప" అంది. వెళ్ళి చూశాను. నిజమే, తోటలు కళకళలాడుతున్నాయి. అన్నీ ఆమె పార్టీవే, అన్నీ రోడ్డు పక్కనే. చూపించడానికి ఎంచిన తోటలు బాగుండక ఏమవుతాయి?

విత్తనం కంపెనీ వాళ్ళు ఒక చదువుకున్నాయనను పంపారు. వాతావరణంలో మార్పుల వల్ల కావచ్చు అన్నాడు. అలాంటి వాదన విన్నప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఎండ, వాన ఆ పార్టీ తోటల మీద ఒకలా ఈ పార్టీ తోటల మీద ఒకలా పడతాయా? ఏ తోటకైనా సరిపోయే కారణం ఏ తోటకూ కారణం కాదు. ఆయన మాట పక్కన పెట్టేశాను.

నష్టం సరిగ్గా పార్టీ గీత మీద ఆగింది. అది చూడగానే నా అనుమానం పూర్తిగా బ్రహ్మయ్య మీదకు పోయింది. తోటలు పురుగుతోనో, ఎక్కువ మందు కొట్టో పాడైతే ఆ నెపం నర్సరీ మీద వేస్తున్నారనుకున్నాను. తెగులుకు పార్టీలు ఉండవు కదా.

అటు బురద

చివరికి బ్రహ్మయ్య మనుషులు నన్ను కోటయ్య తోట దగ్గరకు తీసుకెళ్ళారు. కోటయ్య బ్రహ్మయ్య బావమరిది భూమిని కౌలుకు చేస్తున్నాడు. సొంత సెంటు లేదు. ఈ తోట పోతే ఏడాది పోయినట్టే. బ్రహ్మయ్యకు కోపం వస్తే వచ్చే ఏడు చేయడానికి భూమే ఉండదు. అతని భార్య సామ్రాజ్యం గట్టు మీద, అందరికీ కొంచెం దూరంగా నిలబడి ఉంది.

ఒక మొక్క పీకి చూశాను. కింది ఆకులు వెడల్పుగా, నున్నగా ఉన్నాయి. జానెడు పైనుంచి ఆకులు దారాల్లా సాగి మెలిక తిరిగాయి. పక్క మొక్క పీకాను, మెలిక అదే ఎత్తు నుంచి మొదలైంది. ఇంకొకటి, అదీ అంతే. నారులో తెగులు ఉంటే ఒక మొక్కలో ముందు, ఒక మొక్కలో వెనక కనిపిస్తుంది. సాలంతా ఒకే ఎత్తులో మొదలుకాదు. ఏదో ఒక్క రోజున మొత్తం తోట మీద పడింది. అంటే నర్సరీ కాదు. అయితే నేననుకున్న పురుగు కూడా కాదు.

తోట చివర వాగు వైపు నడవబోయాను.

"అటొద్దు మేడమ్, బురద" అన్నాడు కోటయ్య.

వాన పడి చాలా రోజులైంది. పైగా బురద ఉంటే నాకేం, చెప్పులు చేతిలో పట్టుకుంటాను. నడిచాను. వెనక కోటయ్య గొంతు మారింది. "మేడమ్, ఆడ చూడటానికేం లేదు మేడమ్" అంటున్నాడు.

ఆడ చాలా ఉంది. వాగు వైపు సగం తోట పచ్చగా, పూతతో, పిందెలతో నిలబడి ఉంది. నారు అదే, నేల అదే, చేసే మనిషీ అతనే. పాడైన సగానికీ బాగున్న సగానికీ మధ్య గీత తాడు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. పురుగైనా తెగులైనా అంత తిన్నగా ఆగదు, మనిషి కొట్టే మందే ఆగుతుంది.

"ఇది ఎందుకు చూపించలేదు?" అని అడిగాను.

కోటయ్య తల వంచుకున్నాడు. "బాగున్న సగం చూపిస్తే మా ఫిర్యాదు నిలవదన్నారు మేడమ్."

అదీ మనవాళ్ళ తెలివి. వాళ్ళ కష్టం నిజమని చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్ష్యం ఆ సగం తోట. తమ వాదనకు అడ్డమని దాన్నే దాచిపెట్టారు. గెలవాలని వాదించేవాడికి తనకేం పనికొస్తుందో కూడా కనిపించదు.

"ఈ సగానికి మందు ఎవరు కొట్టారు?" అన్నాను.

బ్రహ్మయ్య మనుషులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గట్టు మీద నుంచి సామ్రాజ్యం అంది, "నేనే కొట్టిన మేడమ్, వీపు పంపుతో. ఆ పైసగం బ్రహ్మయ్య మామ డ్రమ్ముతో కొట్టారు. మందు ఈడికొచ్చేసరికి అయిపోయింది."

"ఏమే, నువ్వూరుకో" అన్నాడు కోటయ్య.

"ఊరుకుంటే ఆమె ఆకు చూసి కనుక్కోదా?" అంది సామ్రాజ్యం. "పైపు లాగింది నేనే మేడమ్. ముందు రోజు ఆ డ్రమ్ము మామ మొక్కజొన్న చేలో ఉంది. కలుపు మందు కొట్టి నేరుగా మా కాడికే తెచ్చారు."

అప్పుడు అర్థమైంది. ట్రాక్టరు మీద డ్రమ్ము, దానికి పొడుగాటి పైపు, పార్టీలో అందరి తోటలకూ అదే తిరుగుతుంది. అవతలి పార్టీకి వాళ్ళ డ్రమ్ము వాళ్ళకుంది. మొక్కజొన్నలో కలుపును చంపే మందు చుక్క మిగిలినా మిరపను మెలిపెట్టేస్తుంది. నష్టం పార్టీ గీత మీద ఆగింది కుట్ర వల్ల కాదు, డ్రమ్ము ఆ గీత దాటదు కాబట్టి. రైతులు వల్లించిన వాక్యం ఎవరో నేర్పిందే, అయినా అందులో ఉన్న సంగతి నిజం. పార్వతమ్మ ఏరి చూపించిన తోటలు కూడా నిజం. ఇద్దరూ నిజమే చెబుతుంటే నేను ఇద్దరినీ దొంగల్లా చూస్తూ వచ్చాను. పిల్లలూ, అనుమానపడండి, కానీ ఒక అనుమానం మరీ చక్కగా అతికినట్టు కుదిరితే ముందు దాన్నే అనుమానించండి.

ఆమె ఎవరి తాలూకు?

బ్రహ్మయ్య అరవలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, నెమ్మదిగా అన్నాడు: "ఆ అమ్మాయి పుట్టిల్లు ఎవురిదో అడిగారా మేడమ్? పార్వతమ్మ వదినె గారి ఊరు. రేపు పొద్దున అటే పోయే మనిషి. నా తోట కూడా పోయింది గందా, నా డ్రమ్ముతో నా తోట నేనే చంపుకుంటానా?"

గట్టు మీద గాలి మారిపోయింది. అంతవరకూ డ్రమ్ము గురించి ఆలోచిస్తున్నవాళ్ళందరూ సామ్రాజ్యం పుట్టిల్లు గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేనూ ఆలోచించాను. సాయంత్రం ఆఫీసుకు ఫోన్ చేసి సంగతంతా చెబితే, అప్పటి మా పై అధికారి అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "ఇంతకీ ఆమె ఎవరి తాలూకు?"

గురజాల సారు మాట గుర్తు చేసుకున్నాను. చెప్పినందుకు బ్రహ్మయ్యకు ఏం పోతుంది? ఏమీ పోదు, పైగా పరిహారం వస్తుంది. సామ్రాజ్యానికి? కౌలు పోతుంది, మొగుడితో మాట పోతుంది. ఆమె మాటే బరువైంది. కానీ బరువైన మాట అని రిపోర్టులో రాస్తే ఎవరు నమ్ముతారు? పుట్టిల్లు అడుగుతారు. ఎవరు చెప్పారన్నది అక్కర్లేని సాక్ష్యం ఒకటి కావాలి.

రెండు ట్రేలు

పార్వతమ్మ నర్సరీ నుంచి రెండు ట్రేల నారు తెప్పించాను. రెండు పార్టీల వాళ్ళనూ గ్రామ సచివాలయం దగ్గరకు రమ్మన్నాను. బ్రహ్మయ్య తన డ్రమ్మును సర్ఫు పెట్టి కడిగించి మరీ తెచ్చాడు. మెరిసిపోతోంది. వద్దనలేదు. అందరి ఎదుటా అందులో మంచినీళ్ళు పోయించి, పైపు గుండా ఆ నీళ్ళు ఒక ట్రే మీద కొట్టించాను. రెండో ట్రే మీద బిందెతో కుళాయి నీళ్ళు చల్లించాను. డ్రమ్మును ఎంత తోమినా, పైపు లోపలి రబ్బరు ఆ మందును పట్టుకుని ఉంటుంది. కడిగినా పూర్తిగా పోదు, తర్వాత పోసిన నీళ్ళలోకి కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుంది. ఈ సంగతి చదువుకున్నప్పుడు చదివాను, అవసరం పడింది అప్పుడే.

రెండు ట్రేలనూ సచివాలయం వరండాలో పెట్టాను. ఎవరైనా మారుస్తారని రెండు పార్టీలూ చెరొక మనిషిని కాపలా పెట్టాయి. ఆ ఇద్దరూ ట్రేల వంక చూడలేదు, ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ ఊళ్ళో అంత నమ్మకమైన కాపలా నేను పెట్టించలేను.

కొన్ని రోజులకు మళ్ళీ వెళ్ళేసరికి మొదటి ట్రేలో మొలకలన్నీ మెడలు వాల్చి, కాడలు మెలికలు తిరిగి ఉన్నాయి. రెండో ట్రే నిటారుగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని ట్రేలను తిప్పి తిప్పి చూసిన ముసలాయన ఒకడు, బ్రహ్మయ్య పార్టీవాడే, "మన డ్రమ్మే తిన్నదిరా మనల్ని" అన్నాడు. బ్రహ్మయ్య బుల్లెట్టు ఎక్కి వెళ్ళిపోయాడు. తనకు ముందే తెలుసా, నిజంగా తెలియక నర్సరీని అన్నాడా అన్నది నేను ఈనాటికీ తేల్చుకోలేదు. తన తోట కూడా పోయిందన్న మాట నిజమే మరి.

నర్సరీ తప్పు లేదని రాశాను. పార్వతమ్మ లైసెన్సు నిలిచింది.

కౌలు

మామూలుగా ఇలాంటి రిపోర్టు రాసి మనం జీపెక్కి వచ్చేస్తాం. మాట చెప్పినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉండాలి. ఇది మీకు ఎవరూ ట్రైనింగులో చెప్పరు.

వేసవిలో కోటయ్య, సామ్రాజ్యం ఆఫీసుకు వచ్చారు. బ్రహ్మయ్య బావమరిది భూమి వెనక్కి తీసుకున్నాడు. ఆ పార్టీలో ఇంకెవరూ ఇవ్వలేదు. కోటయ్య నా మొహం చూడలేదు. సామ్రాజ్యం మాత్రం నేరుగా చూసి అడిగింది: "పార్వతమ్మ గారికి నాలుగెకరాలు ఖాళీగా ఉంది మేడమ్. మీరొక మాట చెప్తే ఇస్తదేమో. అడుక్కోవడానికి రాలా. కౌలు అందరికంటే ముందే కడతాం."

నాకు ధీమా ఉంది. నర్సరీ నిలబడింది సామ్రాజ్యం నోటి మాట వల్ల. పార్వతమ్మ ఎలా కాదంటుంది? ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆమె కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది, నేను చెప్పిందంతా విన్నది.

"ఆ అమ్మాయి చానా మంచిది మేడమ్. నేను కాదంటానా? చీర పెట్టి పంపిస్తా, దణ్ణం పెడతా" అంది. నా చేతిలో ఖాళీ గ్లాసు అందుకుని మళ్ళీ అంది, "భూమి మాత్రం ఇవ్వలేను. ఎవురి భూమి చేస్తందో ఆళ్ళ మీదే చెప్పిన మనిషి. రేపు నా తప్పుంటే నా మీద చెప్పదా?"

ఉద్యోగంలో అంత బలమైన వాదన నేను వినలేదు. దాన్ని కొట్టేయడానికి ఎంత వెతికినా సందు దొరకలేదు, ఎందుకంటే అది నిజం. తప్పుంటే సామ్రాజ్యం ఎవరి మీదైనా చెబుతుంది. సామ్రాజ్యానికి భూమి ఇవ్వకూడదనడానికి పార్వతమ్మకున్న కారణమూ, ఆమెకే ఇవ్వాలనడానికి నా దగ్గరున్న కారణమూ ఒక్కటే.